అరచేతి పెట్టెలో ఇంటి ఎక్స్ఛేంజీ

ఇంటి ఫోన్లన్నిటినీ కలిపే సర్వర్‌కు ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. చప్పుడు చేయకూడదు, మీటరు తిప్పకూడదు, కరెంటు పోయి వస్తే ఎవరూ ముట్టుకోకుండా తనంతట తానే లేవాలి. అలాంటి పెట్టెను ఎంచుకోవడం ఎలా?

కింది వాటాలో అమ్మానాన్నలు. పై అంతస్తులో కొడుకు కుటుంబం. గేటు పక్కన వాచ్‌మన్ గది. కూతురు డాలస్‌లో. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి. అయినా కింది నుంచి పైకి ఒక మాట చేరాలంటే మెట్ల దగ్గర నిలబడి కేకేయాలి. లేదంటే కళ్లజోడు వెతుక్కుని, ఫోన్ లాక్ తీసి, వాట్సాప్‌లో పేరు పట్టుకోవాలి. డెబ్బై దాటి, చూపు మందగించి, టచ్ స్క్రీన్ మాట వినని మనిషికి అది చిన్న పని కాదు. అదే మంచం పక్కన పెద్ద అంకెల బటన్లున్న ఫోను పెట్టి, 2 నొక్కితే పైన, 3 నొక్కితే గేటు దగ్గర, 5 నొక్కితే డాలస్‌లో కూతురి ఫోన్ మోగేలా చేస్తే? రిసీవర్ ఎత్తాలి, ఒక అంకె నొక్కాలి. అంతే.

దీనికి కావలసింది ఇంట్లో ఒక ఫోన్ సర్వర్. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, లాడ్జిల్లో ఇంటర్‌కమ్‌ను నడిపే ఈపీఏబీఎక్స్ పెట్టె చేసే పనే ఇదీ చేస్తుంది. కాకపోతే మామూలు కంప్యూటర్ మీద, ఇంట్లో ఉన్న వైఫై మీదే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టనక్కర్లేదు. ఇక తేలాల్సింది ఏ కంప్యూటర్ కొనాలన్నదే. చాలామంది దారి తప్పేది ఇక్కడే. సర్వర్ అనగానే ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని డబ్బు తగలేసేవాళ్లు కొందరు. అటక మీదున్న పాత డెస్క్‌టాప్ దించి, నాలుగు రోజులు దాని రొద భరించి, విసుగెత్తి తీసేసేవాళ్లు ఇంకొందరు.

అసలు ఎంత పని?

1999లో అమెరికాలోని ఆబర్న్ యూనివర్సిటీలో చదువుతున్న మార్క్ స్పెన్సర్, లైనక్స్ వాడేవాళ్లకు సాయం చేసే చిన్న కంపెనీ పెట్టాడు. దానికి ఒక ఫోన్ సిస్టమ్ కావాల్సి వచ్చింది. కొనే స్తోమత లేక తనే రాసుకున్నాడు. అదే ఆస్టరిస్క్. రాసి ఊరుకోకుండా కోడ్ మొత్తం అందరికీ ఇచ్చేశాడు. జిమ్ డిక్సన్ అనే ఇంజినీరు మరోవైపు నుంచి ఇదే సంగతి ఆలోచించాడు. అప్పట్లో టెలిఫోన్ లైన్లను కంప్యూటర్‌కు కలిపే కార్డుల మీద ఖరీదైన ప్రత్యేక చిప్పులుండేవి. మామూలు పీసీ ప్రాసెసర్లే ఆ పని చేసేంత వేగం పుంజుకున్నాక ఆ చిప్పులెందుకన్నది ఆయన వాదన. మెక్సికో విప్లవ నాయకుడు ఎమిలియానో జపాటా పేరు మీద ప్రాజెక్టు మొదలుపెట్టి, కార్డు డిజైన్‌ను ఊరికే పంచిపెట్టాడు. ఈ ఇద్దరి పనీ కలవడంతో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మామూలు పీసీ మీదికి దిగివచ్చింది. అది పాతికేళ్ల కిందటి పీసీ అన్న సంగతి మనం మర్చిపోకూడదు.

లెక్క చూద్దాం. మాటను అంకెలుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నది జి.711. అందులో సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కోదానికి 8 బిట్లు. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు వెళ్తాయి, 50 వస్తాయి. చిరునామాల బరువు కూడా కలుపుకున్నా ఒక దిశలో 90 కిలోబిట్లు దాటదు. పక్క గదిలో పిల్లలు చూసే యూట్యూబ్ వీడియో దీనికి ఎన్నో రెట్లు లాగుతుంది. రెండు ఫోన్లూ ఒకే కోడెక్‌లో మాట్లాడుతుంటే సర్వర్ ఇటు వచ్చిన ప్యాకెట్‌ను అటు అందిస్తుంది. ఒక్కోసారి అదీ చేయదు. కాల్ కలిపి, మాటను రెండు ఫోన్ల మధ్య నేరుగా నడవనిచ్చి తప్పుకుంటుంది. ఒక కోడెక్‌ను ఇంకో కోడెక్‌లోకి మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రమే ప్రాసెసర్‌కు కాస్త శ్రమ. ఇంట్లో ఒకేసారి నడిచేవి రెండో మూడో కాల్స్. ఫోన్లన్నిటికీ ఒకే కోడెక్ పెడితే ఆ శ్రమ కూడా ఉండదు.

2004లో లింక్‌సిస్ కంపెనీ ఎన్ఎస్ఎల్‌యూ2 అనే పెట్టె తెచ్చింది. యూఎస్‌బీ డిస్కులను ఇంటి నెట్‌వర్క్‌కు కలపడం దాని పని. 32 ఎంబీ ర్యామ్. 266 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను సగం వేగానికి తగ్గించి మరీ అమ్మారు. ఔత్సాహికులు దాని మీద లైనక్స్, ఆపైన ఆస్టరిస్క్ ఎక్కించి ఇంటి ఫోన్లు నడిపారు. ఈ రోజు దొరికే అతి చవక బోర్డు కూడా దానికన్నా ఎన్నో రెట్లు బలమైనది. కాబట్టి ప్రాసెసర్ వేగం గురించి దుకాణదారు చెప్పే మాటలు ఈ పనికి పక్కన పెట్టేయవచ్చు. ఏడాది పొడవునా ఆగకుండా ఉంటుందా అన్నదొక్కటే చూడాలి.

కిత్తూరు దారి

మన దేశంలో ఈ సంగతి ముందే పట్టుకున్నవాళ్లున్నారు. 1984 ఆగస్టులో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పడింది. అప్పటి పెద్ద ఎక్స్ఛేంజీలకు ఏసీ గదులు కావాలి. మన పల్లెల్లో ఏసీ మాట దేవుడెరుగు, కరెంటే గంటల తరబడి ఉండేది కాదు. శామ్ పిట్రోడా నాయకత్వంలో కుర్ర ఇంజినీర్లు 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీని ఏసీ అవసరం లేకుండా, వేడినీ దుమ్మునూ తట్టుకునేలా తయారుచేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. తర్వాత అవి దేశంలోని పల్లెపల్లెకూ వెళ్లాయి. మన ఊళ్లలో ఎస్టీడీ బూత్ ముందు వరుసలో నిలబడిన తరానికి ఆ చిన్న ఎక్స్ఛేంజీల మేలు తెలుసు.

ఇంటి సర్వర్‌కూ అదే దారి. మే నెలలో రెంటచింతల, రామగుండం ఎలా కాలిపోతాయో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం తలుపులేసిన గదిలో రౌటర్ పక్కన పెట్టె ఆ వేడిలోనే పని చేయాలి. ఫ్యాన్ ఉన్న యంత్రం గాలితోపాటు దుమ్మునూ లోపలికి లాక్కుంటుంది. కొన్నాళ్లకు రెక్కలకు మట్టి పట్టి, బేరింగ్ అరిగి, గరగరమంటుంది. ఆ తర్వాత ఒక రోజు ఆగిపోతుంది. అది ఆగిన సంగతి మనకు తెలిసేలోపే ప్రాసెసర్ వేడెక్కుతుంది. ఫ్యాన్ లేని పెట్టెలో తిరిగే భాగమే లేదు, అరిగేది లేదు. చప్పుడు ఉండదన్నది దానివల్ల వచ్చే రెండో లాభం. అయితే అది చిన్న లాభమేమీ కాదు. రౌటర్ ఉండేది సాధారణంగా హాల్లో టీవీ కింద, లేదా పెద్దవాళ్లు పడుకునే గదిలో. రాత్రి నిద్ర పట్టని మనిషికి సన్నని ఫ్యాన్ మోత కూడా నరకమే.

మీటరు ఏమంటుంది

పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు కూడా 60 వాట్ల దాకా లాగుతుందనుకుందాం. రోజంతా, ఏడాదంతా నడిస్తే దాదాపు 526 యూనిట్లు. 6 వాట్ల చిన్న పెట్టెకు ఏడాదికి 53 యూనిట్లు. యూనిట్‌కు 6 రూపాయలు వేసుకున్నా మొదటిదానికి 3,150 పైచిలుకు, రెండోదానికి 320 లోపు. తేడా ఇంతటితో ఆగదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటి బిల్లు స్లాబుల లెక్క. నెలకు దాదాపు 44 యూనిట్లు అదనంగా చేరితే అవి పడేది పై స్లాబులోనే. అటక మీది డెస్క్‌టాప్ ఊరికే వచ్చిందనుకుంటాం గానీ, రెండేళ్లు నడిపితే దాని కరెంటు ఖర్చు కొత్త పెట్టె ధరకు చేరువవుతుంది.

పాత ల్యాప్‌టాప్ సంగతేమిటని అడిగేవాళ్లుంటారు. కరెంటు తక్కువే లాగుతుంది, లోపలే బ్యాటరీ ఉంది. వారం పాటు పెట్టి నేర్చుకోవడానికి దానికన్నా మంచిది లేదు. శాశ్వతంగా మాత్రం వద్దంటాను. రోజూ 24 గంటలూ చార్జింగ్‌లో ఉన్న పాత బ్యాటరీ ఉబ్బుతుంది. ఎవరూ చూడని మూల అలాంటిది పెట్టుకోవడం ప్రమాదం.

బోర్డా, సెకండ్ హ్యాండ్ పెట్టెనా?

చిన్న కంప్యూటర్ అనగానే అందరి నోటా వచ్చే పేరు రాస్ప్‌బెర్రీ పై. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరతో వచ్చినప్పుడు అది నిజంగా అద్భుతం. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి చేసిన ఆ బోర్డు ప్రపంచమంతా ఇంటి సర్వర్లకు ఆధారమైంది. ఫోన్ సర్వర్‌కు పై 3 గానీ, 2019లో వచ్చిన పై 4 గానీ ధారాళంగా సరిపోతాయి. మూడు వాట్ల దరిదాపుల్లో నడుస్తాయి. 2023లో వచ్చిన పై 5 ఈ పనికి దండగ. దానికి 5 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి, చల్లబరచడానికి ఫ్యాన్ కూడా పెట్టమంటారు. మనం వద్దనుకున్నదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

పైతో వచ్చే చిక్కులు రెండు, రెండూ బయటికి కనిపించవు. మొదటిది అడాప్టర్. ఇంట్లో ఉన్న ఏదో సెల్ చార్జర్, సన్నని కేబుల్ తగిలిస్తే బోర్డు వెలుగుతుంది, పనీ చేస్తుంది. కానీ పని పెరిగినప్పుడల్లా వోల్టేజి కిందికి జారుతుంది. 4.63 వోల్టుల కింద పడితే స్క్రీన్ మీద మెరుపు గుర్తు చూపించి హెచ్చరిస్తుంది. మన సర్వర్‌కు స్క్రీనే లేదు కదా, ఆ హెచ్చరిక చూసేదెవరు? మాట తెగిపోవడం, కారణం లేకుండా రీస్టార్ట్ కావడం, ఆఖరికి మెమరీ కార్డు పాడవడం, వీటిలో చాలా వాటికి మూలం ఆ కేబులే. బోర్డుతోపాటు దాని సొంత అడాప్టర్ కూడా కొనండి.

రెండోది గడియారం. పై 5కు ముందు వచ్చిన బోర్డుల్లో కరెంటు లేనప్పుడు టైమ్ గుర్తుంచుకునే చిప్ లేదు. కరెంటు వచ్చినా ఇంటర్నెట్ ఇంకా రాకపోతే సర్వర్ పాత టైమ్‌తోనే లేస్తుంది. రాత్రి పదింటి తర్వాత మోగకూడదని మనం పెట్టిన నియమం పట్టపగలు అమల్లోకి వస్తుంది. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ తగిలిస్తే ఆ బాధ తీరుతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనే కుర్రాళ్లనడిగినా చెబుతారు.

బోర్డు, అడాప్టర్, కేసు, మంచి కార్డు, గడియారం అన్నీ కూడితే చవక అన్న మాట కాస్త పలచబడుతుంది. పైగా 2021 నుంచి 2023 దాకా చిప్పుల కొరతతో ఈ బోర్డులు దొరక్క, దొరికినా రెట్టింపు ధర పలికాయి. అప్పుడే ఎంతోమంది చూపు థిన్ క్లయింట్ల మీద పడింది. నా ఓటూ వాటికే.

బ్యాంకులు, బీమా ఆఫీసులు, కాల్ సెంటర్లలో మానిటర్ వెనక తగిలించి ఉండే పుస్తకమంత పెట్టెలు ఇవి. అసలు పని ఎక్కడో సర్వర్లో జరుగుతుంది. ఇది తెర మీద చూపిస్తుంది. కాబట్టి తక్కువ కరెంటుతో, చాలా మోడళ్లు ఫ్యాన్ లేకుండా, ఏళ్ల తరబడి నడిచేలా చేస్తారు. ఆఫీసులు కొన్నేళ్లకొకసారి అన్నిటినీ ఒకేసారి తీసేస్తాయి. అవి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు చేరతాయి. హెచ్‌పీ టీ620, డెల్ వైస్ 5070 ఈ జాతివే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట సెకండ్ హ్యాండ్ కౌంటర్లో అడిగితే, "బ్యాంకు మాల్ అన్నా, ఏం గాదు" అంటూ ఒకటి తీసి ముందు పెడతారు. చేతిలోకి తీసుకోగానే దాని సైజుకు మించి బరువు తెలుస్తుంది. లోపల ప్రాసెసర్‌ను కప్పి ఉన్న అల్యూమినియం దిమ్మ బరువు అది. వేడిని లాగేది అదే. పక్కల చిల్లుల్లోకి సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూడండి, దుమ్ము పేరుకుని ఉంటే తుడిపించండి. తర్వాత అడాప్టర్ అడగండి. చాలా వాటికి 19 వోల్టుల సొంత పిన్ ఉన్న అడాప్టర్ కావాలి. అది లేకుండా పెట్టె చవగ్గా ఇచ్చారంటే విడిగా వెతుక్కోవాల్సిందే. ఆన్ చేయించి బయాస్ అనే మొదటి సెట్టింగుల తెరలోకి వెళ్లండి. పాత ఆఫీసు పెట్టిన పాస్‌వర్డ్ అడ్డొస్తే అక్కడికక్కడే తీయించుకోండి, ఇంటికొచ్చాక మీ వల్ల కాదు. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ ఉందో లేదో చూసి, దాన్ని పెట్టించుకోండి. ఆ తర్వాత ప్లగ్ పీకి మళ్లీ పెట్టమనండి. బటన్ నొక్కకుండా లేచిందా, కొనండి. లేవలేదా, ఎంత తక్కువకిచ్చినా వద్దు. కరెంటు పోయిన ప్రతిసారీ ఎవరో వెళ్లి బటన్ నొక్కాల్సిన సర్వర్ పెద్దవాళ్లుండే ఇంట్లో పనికిరాదు.

ర్యామ్ 4 జీబీ చాలు. ఆస్టరిస్క్ ఒక్కటే అయితే 1 జీబీ కూడా ఎక్కువే. బ్రౌజర్‌లో క్లిక్ చేస్తూ సెట్ చేసుకునే ఫ్రీపీబీఎక్స్ కావాలంటే మాత్రం కాస్త చోటు కావాలి. ఈ విషయంలోనూ థిన్ క్లయింట్‌దే పైచేయి. ఇంటెల్, ఏఎండీ రకం 64 బిట్ యంత్రం కాబట్టి డెబియన్ లైనక్స్ మామూలుగా ఎక్కుతుంది, ఫ్రీపీబీఎక్స్ దాని మీద కూర్చుంటుంది. డిస్కు 32 జీబీ ఉన్నా చాలు. వాయిస్ మెయిల్ మామూలు వేవ్ ఫైలుగా నిమిషానికి ఒక ఎంబీ తీసుకుంటుంది. తాతయ్య గంటసేపు కబుర్లు చెప్పి పెట్టినా 60 ఎంబీ లోపే.

కొత్తదే కావాలనుకునేవాళ్లకు ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీలున్నాయి. ఫోన్లతోపాటు సీసీ కెమెరాల రికార్డింగూ దాని మీదే పెట్టాలనుకుంటే సరే. ఫోన్లకొక్కటే అయితే అంత డబ్బు అనవసరం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే టీవీ బాక్సుల జోలికి మాత్రం పోవద్దు. ఈ రోజు లైనక్స్ ఎక్కినా, రేపటి అప్‌డేట్‌కు దిక్కుండదు.

కరెంటు పోయినప్పుడు

పాత ల్యాండ్‌లైన్‌కు ఒక గొప్ప గుణం ఉండేది. ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి రాగి తీగ మీదే 48 వోల్టుల కరెంటు వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇంటి సర్వర్‌కు ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి. సర్వర్ ఒక్కదానికి బ్యాకప్ ఇస్తే చాలదు. ఫైబర్ పెట్టె, రౌటర్, సర్వర్, ఫోను, నాలుగూ వెలుగుతుంటేనే డాలస్ దాకా మాట వెళ్తుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక ఉన్న స్విచ్ చూడండి. చాలా ఇన్వర్టర్లలో యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని రెండుంటాయి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణకాలపు ఖాళీ ఫ్యాన్లకు తెలియదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్ల కోసం అమ్మే మినీ యూపీఎస్ వైపు చూస్తాం. అవి సాధారణంగా ఇచ్చేది 12 వోల్టులు. కొన్నిటికి 5 వోల్టుల యూఎస్‌బీ కూడా ఉంటుంది. 19 వోల్టులడిగే థిన్ క్లయింట్ వాటి మీద నడవదు. ఆ ఒక్క కారణానికి, ఇన్వర్టర్ లేని ఇంట్లో నేను చెప్పిన ఓటు మార్చి, రాస్ప్‌బెర్రీ పై కొనమంటాను. అప్పుడు కార్డు విషయంలో జాగ్రత్త. రాస్తూ ఉండగా కరెంటు పోతే కార్డు చెడుతుంది. సీసీ కెమెరాల కోసం చేసే గట్టి రకం కార్డు తీసుకుని, సర్వర్ రాసుకునే లాగ్‌లు తగ్గించి, అన్నీ కుదిరాక ఇంకో కార్డులోకి నకలు తీసి డ్రాయర్లో పెట్టుకోండి. చెడిన రోజు కార్డు మార్చడం ఐదు నిమిషాల పని.

ఫోన్లు, తాళాలు

పాత బటన్ ఫోను పారేయకపోతే మేలు. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 లాంటి చిన్న అడాప్టర్ ఒకవైపు నెట్‌వర్క్ తీగ, ఇంకోవైపు ఆ పాత ఫోన్ తీగ పట్టుకుని రెంటినీ కలుపుతుంది. చేతికి అలవాటైన రిసీవర్ మారదు. సెల్‌ఫోన్లలో లిన్‌ఫోన్ లాంటి ఉచిత యాప్ వేసుకోవచ్చు. బ్యాటరీ పొదుపు జాబితాలోంచి ఆ యాప్‌ను తప్పించకపోతే ఫోన్ జేబులో ఉన్నా మోగదు.

ఇక భద్రత. ఇలాంటి ఫోన్లు కాల్స్ కలపడానికి వాడే పద్ధతి సిప్. దాని 5060 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే కొద్దిసేపట్లోనే ఎక్కడెక్కడి యంత్రాలో వచ్చి పాస్‌వర్డ్‌లు ఊహించడం మొదలుపెడతాయి. తెరవొద్దు. దూరంగా ఉన్నవాళ్లు వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ గుండానే రావాలి. ఆ పనికీ ఈ చిన్న పెట్టె చాలు.

చట్టం మాట కూడా స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో ఫోన్ల మధ్య, ఇంటర్నెట్ మీద మన ఫోన్ నుంచి మన కూతురి ఫోన్‌కు మాట్లాడుకోవడం వేరు. ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ను లైసెన్సు లేకుండా ఇక్కడి సిమ్ ద్వారానో ల్యాండ్‌లైన్ ద్వారానో దేశీయ ఫోన్ నెట్‌వర్క్‌లోకి దాటించడం వేరు. రెండోది నేరం. సిమ్ బాక్సులతో ఆ పని చేసినవాళ్ల మీద హైదరాబాద్‌లోనూ కేసులు పడ్డాయి. అమెరికా నుంచి వచ్చే ప్రతి కాల్‌నూ ఊళ్లో బంధువుల సెల్‌ఫోన్లకు ఉచితంగా కలిపేద్దామన్న ఆలోచన ఎవరు చెప్పినా వినొద్దు.

మొత్తానికి, ఇన్వర్టర్ ఉన్న ఇంటికి ఫ్యాన్ లేని సెకండ్ హ్యాండ్ థిన్ క్లయింట్, లేని ఇంటికి 5 వోల్టులిచ్చే మినీ యూపీఎస్‌తో పై 4. ఏది కొన్నా, అమ్మానాన్నల ఫోన్ పక్కన చార్జింగ్ ఉన్న మామూలు సెల్‌ఫోన్ ఒకటి తప్పక ఉంచండి. ఈ ఇంటి ఫోన్ బయటి ఫోన్ నెట్‌వర్క్‌కు కలవదు కాబట్టి, 108కి, 112కి చేయాల్సి వస్తే దాంట్లోంచే చేయాలని వాళ్లకు ముందే చెప్పి, ఒకసారి ఫోన్ తీసి చూపించండి.